ఇరవైరెండు గీత దాటి మూడంగలు

వునిసెయి ఊళ్ళో కీర్తనల పోటీ రెండో రోజున, మధ్యాహ్నం భోజనాలైన అరగంటకు టాయిలెట్ పేపరు అయిపోయింది.

ఈ సంగతి ఉనైసికి ఎవరూ వచ్చి చెప్పలేదు. వంటపాకలో గంగాళాలు తోముతూ ఆమే కనిపెట్టింది. మొదట చర్చి కిటికీలోంచి వినిపిస్తున్న పాట పలచబడింది. బొంగురు గొంతు ఆడవాళ్ళ వరసలో సగం మంది లేరు. తర్వాత గట్టుమీది మరుగుదొడ్ల దగ్గర బారు పెరిగింది. ఆ తర్వాత పాస్టరుగారు తర్వాతి పాట ఏమిటని అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. పొద్దున మనిషికొకటి చొప్పున పంచిన మూడువందల కార్యక్రమ పత్రాల్లో చర్చిలో ఒక్కటి కూడా మిగల్లేదు.

ఉనైసి చేతిలో పీచు కింద పెట్టింది. పద్దెనిమిదేళ్ళుగా చర్చి సరంజామా అంతా ఆమె చేతుల మీదే నడుస్తోంది. తుఫాను వచ్చి వంతెన కొట్టుకుపోయిన ఏడాది కూడా ఆమె పెట్టిన పంక్తిలో ఉప్పు తక్కువైందన్న మనిషి లేడు. పది ఊళ్ళ జనం వచ్చిన ఈ రోజునే ఇలా కావాలా అనుకుంది. అనుకుంటూ తల ఎత్తేసరికి ఎదురుగా సెకోవె నిలబడి ఉన్నాడు.

సెకోవెది నైద్రాలా. వునిసెయికీ నైద్రాలాకూ తౌవు చుట్టరికం. తాతముత్తాతల నాడు రెండు ఊళ్ళవాళ్ళూ ఒకే దేవుణ్ణి కొలిచారట. దానివల్ల ఈనాటికీ ఒక ఊరివాళ్ళు రెండో ఊరివాళ్ళను ఎంత మాటైనా అనవచ్చు, పొయ్యిమీది కూరైనా ఎత్తుకుపోవచ్చు. అవతలివాళ్ళు మొహం మాడ్చుకోకూడదు. బావామరదళ్ళ సరసాన్ని ఊరు ఊరంతటికీ అంటగట్టినట్టు ఉంటుంది. సెకోవెకు అరవై రెండేళ్ళు. పడుచుదనంలో రా అనే జిల్లా తరఫున రగ్బీ ఆడాడు. ఆ కాళ్ళు ఇప్పటికీ అలాగే ఉన్నాయి గాని, వాటిమీద ఒక బొజ్జ వచ్చి తీరిగ్గా కూర్చుంది.

అతను వంటపాక గుమ్మంలో మోకాళ్ళమీద కూర్చున్నాడు. వెనక నైద్రాలా మగవాళ్ళు అయిదుగురు అంతే గంభీరంగా కూర్చున్నారు. పెళ్ళి సంబంధం అడిగేటప్పుడూ, పెద్ద తప్పుకు మన్నించమని వేడుకునేటప్పుడూ తిమింగలం పన్ను సమర్పించుకుంటారే, అచ్చం ఆ పద్ధతిలో రెండు చేతులూ ముందుకు చాపాడు. చేతుల్లో తిమింగలం పన్ను లేదు. పేపరంతా అయిపోయిన అట్టగొట్టం ఉంది.

"వునిసెయి పెద్దలారా," అన్నాడు సెకోవె, సభలో మాట్లాడే గొంతుతో. "నైద్రాలా ప్రజలు ఈ చిన్న కానుక తెచ్చుకున్నారు. మీ పాట బాగుంది. మీ చేప ఇంకా బాగుంది. కొబ్బరిపాలు దండిగా పోశారు. ఆ కొబ్బరిపాల మహిమ వల్లే ఇప్పుడు మీ ముందు మోకరిల్లాం. మా తాతలు సముద్రాలు దాటారు, దారిలో ఆకలికీ దప్పికకూ ఓర్చుకున్నారు. కానీ తౌవులారా, ఇలాంటి కష్టం వాళ్ళ కథల్లో కూడా లేదు."

వంటపాకలో ఆడవాళ్ళు ఒకరిమీద ఒకరు పడి నవ్వారు. కర్రపెండలం చెక్కు తీస్తున్న ముసలావిడ కత్తి అవతల పడేసి మరీ నవ్వింది. ఉనైసి కూడా నవ్వింది, నవ్వక తప్పదు. అట్టగొట్టాన్ని రెండు చేతులతో అందుకుని, పద్ధతి ప్రకారం దోసిలిలా చేతులు వంచి మూడుసార్లు చప్పట్లు కొట్టింది.

"ముసలి ఎండ్రకాయా, నీ కానుక అందింది," అంది. "నీ బొజ్జంత రోల్ తెప్పిస్తా, ఆగు."

పైకి అలా అంది గాని లోపల మండిపోయింది.

ఆ మంట సోమవారం నాటికి ఇంకా పెరిగింది. చర్చి కార్యదర్శి ఇలైతియా కమిటీని కూర్చోబెట్టాడు. ఇలైతియా బడిలో లెక్కల మాస్టారు కూడా. వారం మధ్యలో బీజగణితం, ఆదివారం పద్దులు, శనివారం రగ్బీ ఆటలకు రెఫరీ. మూడు చోట్లా ఒకే మొహం, ఒకే ఈల. ఆదివారాలు మాత్రం ఆ ఈల జేబులో ఉంటుంది.

"అక్కా, తప్పుగా అనుకోకు," అన్నాడు. "రెండేళ్ళ కిందట ఎనిమిది మూటలు తెస్తే రెండు రోల్స్ మిగిలాయి. ఈసారీ ఎనిమిదే తెచ్చావు. జనం అంతే, రోజులు అంతే. సరిగ్గా సగంలో అయిపోయాయి. మరి మిగతా సగం ఎక్కడికి పోయినట్టు?"

"నేను తిన్నానంటావా?"

"నేనేమీ అనలేదక్కా."

"అననిది బాగానే వినబడింది తమ్ముడూ," అని ఉనైసి లేచి వచ్చేసింది.

ఇంటికొచ్చి కుట్టుమిషను పెట్టె తెరిచింది. రెండేళ్ళ కిందట మిగిలిన రోల్స్‌లో ఒకటి అందులో ఉండాలి. బొత్తాల డబ్బా కింద దొరికింది. దాని పక్కన ఈమధ్య కొన్న రోల్ పెట్టింది. రెండూ వూలా కంపెనీవే. రెంటిమీదా నవ్వుతున్న చందమామ బొమ్మ. రెంటిమీదా యాభై మీటర్లనే ఉంది. కొత్తదానిమీద చందమామ కాస్త లావెక్కింది, 'కొత్తది, ఇంకా పెద్దది' అని పసుపు పచ్చ అక్షరాలు చేరాయి. నిజానికి కొత్తదే పెద్దగా కనిపిస్తోంది. కానీ పాతది చేతిలోకి తీసుకుంటే రాయిలా ఉంది. కొత్తది పిడికిట్లో నొక్కితే బన్ను ముక్కలా అణిగిపోయింది. పాతదాని గొట్టంలో బొటనవేలు పట్టింది. కొత్తదాని గొట్టంలో ఉనైసి పిడికిలంతా దూరింది. ఉనైసి పిడికిలి చిన్నదేమీ కాదు.

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సెక్కి వైలేకా వెళ్ళింది.

వైలేకా బజారులో రామ్ సముఝ్ కొట్టు చెరకు లారీల మలుపు దగ్గర ఉంటుంది. బియ్యం, బట్టలు, మేకులు, చేప డబ్బాలు, కిరసనాయిలు, చీపుళ్ళు అన్నీ అక్కడే. సముఝ్ బక్కపలచటి మనిషి, కళ్ళజోడు దారంతో మెడకు కట్టుకుంటాడు. ఉనైసికి ముప్పై ఏళ్ళుగా తెలుసు.

"రా దీదీ. పోటీ బాగా జరిగిందంట కదా," అన్నాడు. "నైద్రాలావాళ్ళు బస్సులో కొత్త పాట పాడుకుంటూ పోయారు. పేపరు మీద."

"ఆ పాట సంగతి తర్వాత భయ్యా. ముందు ఇది కొలువు." రెండు రోల్సూ బల్లమీద పెట్టింది.

సముఝ్ వాటిని అటూ ఇటూ తిప్పి చూశాడు. అరచేతిలో ఎగరేశాడు. "కంపెనీకి మూడుసార్లు ఫోన్ చేశా. జనం నన్ను తిడుతున్నారని చెప్పా. నీ కొలబద్ద తప్పై ఉంటుందన్నారు. మా నాన్న నాటి కొలబద్ద దీదీ ఇది."

బట్టలు కొలిచేందుకు బల్ల అంచున మీటరు దూరంలో రెండు ఇత్తడి మేకులు దిగగొట్టి ఉన్నాయి. కొత్త రోల్ విప్పి మేకునుంచి మేకుకు లాగడం మొదలుపెట్టాడు. ఉనైసి కొలిచినదాన్ని మడతలు పెడుతూ నిలబడింది. పదకొండు దాకా బాగానే సాగింది. ఇంతలో ఒకావిడ వచ్చి గుడ్లడిగింది.

"పన్నెండు," అన్నాడు సముఝ్.

"నాకు ఆరు చాలు," అంది ఆవిడ.

"ఆరు," అన్నాడు సముఝ్, చేతిలో పేపరు అలాగే పట్టుకుని. తర్వాత "ఏడు" అన్నాడు.

ఉనైసి పగలబడి నవ్వింది. నవ్వులో పేపరు చిరిగింది. మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి పద్నాలుగు దగ్గర చెరకు లారీ డ్రైవరొచ్చి రెండు కిలోల పిండి అడిగాడు. బల్లమీదా, బియ్యం బస్తాలమీదా తెల్లగా పరుచుకున్న పేపరు చూసి, ఎవరిదైనా పెళ్ళా అని అడిగాడు. ఉనైసి బస్తామీద కూలబడి నవ్వింది. సముఝ్ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకున్నది కొలిచిన పేపరుతోనే. దాంతో ఆ లెక్కా పోయింది.

"ఇది కాదు దీదీ," అన్నాడు చివరికి. "ఇక్కడ కొలిస్తే చూసేది నువ్వూ నేనూ. నా కొలబద్ద తప్పంటారు, నీ కళ్ళు తప్పంటారు. ఈ శనివారం స్కూలు మైదానంలో రగ్బీ ఆటలున్నాయి కదా. కప్పు ఇచ్చేదెవరనుకున్నావు? వీళ్ళే. రాజధాని సువా నుంచి వాళ్ళ మనిషి డెస్మండ్ వస్తున్నాడు. మైదానంలో ఆ చివరి గోలు గీతనుంచి నడిమి గీతకు దూరమెంత?"

"నన్నడుగుతావేం, మాకు పుట్టగానే చెప్పే మొదటి లెక్కే అది. యాభై మీటర్లు."

ఆ మాట అంటూ అంటూనే ఆగిపోయింది. సముఝ్ తల ఊపాడు. తర్వాత ఉనైసి అతని కొట్టులోంచే ఇంకో కొత్త రోల్ తీసి సంచీలో వేసుకుంది.

శనివారం మైదానం కిక్కిరిసింది. జనం లారీల్లో వచ్చారు, గుర్రాలమీద వచ్చారు. గట్టుమీద చాపలు పరుచుకుని కూర్చున్నారు. గోలు స్తంభాల మధ్య పెద్ద గుడ్డ కట్టారు. 'వూలా కప్పు. మెత్తన. పొడవు. యాభై మీటర్లు' అని దానిమీద. కప్పు పెట్టిన బల్ల పక్కన, గెలిచిన ఊరికి ఇవ్వబోయే ఏడాదికి సరిపడా రోల్స్‌ను గోపురంలా పేర్చారు. డెస్మండ్ ముప్పై ఏళ్ళవాడు, మెరిసే బూట్లు, మెడకు టై. మైకు అతని చేతిలోనే ఉంది. అతని గొంతు బాగుంటుంది, ఆ సంగతి అతనికి తెలుసు కూడా. ఆటగాళ్ళ పేర్లు తప్పుగా పలికినా జనం నవ్వుకుని ఊరుకున్నారు.

ఆఖరి ఆట వునిసెయికీ నైద్రాలాకూ పడింది. దానికి ముందు కాసేపు విరామం ఇచ్చారు. ఇలైతియా ఈల జేబులో పెట్టుకుని నీళ్ళు తాగుతున్నాడు. అప్పుడు ఉనైసి సంచీ భుజాన వేసుకుని గట్టు దిగింది. బల్లదాకా నడిచేసరికి గుండె దడదడలాడింది. మూడువందల మందికి వండిన మనిషి, కానీ మైదానం మధ్యలో ఎన్నడూ నిలబడలేదు.

"బాబూ, ఒక మాట అడగొచ్చా?"

"అడగండి ఆంటీ," అన్నాడు డెస్మండ్, మైకు ఆమె నోటి దగ్గర పెట్టి.

"ఈ రోల్‌లో యాభై మీటర్ల పేపరుందని రాశారు. ఈ గోలు గీతనుంచి ఆ నడిమి గీతకు యాభై మీటర్లు. మాస్టారే స్వయంగా కొలిచి సున్నం పోశారు. దీన్ని ఒకసారి పరిచి చూద్దామా?"

డెస్మండ్ మొహం వెలిగిపోయింది. కంపెనీ పేరు మైదానమంతా పరుచుకోబోతోంది, అదీ ఉచితంగా. "ఇంతకన్నా కావలసిందేముంది," అని మైకులో చెప్పాడు. "మీ ఊరి ఆంటీ మన వూలాను పరుగు పెట్టించబోతున్నారు. పరిగెత్తేదెవరు?"

ఉనైసి తన ఊరి కుర్రాడెవడినైనా పిలుద్దామనుకుంది. ఇంతలో గట్టుమీదనుంచి సెకోవె లుంగీ పైకి కట్టుకుంటూ దిగాడు.

"తౌవు, ఇటివ్వు," అన్నాడు. "నీ పేపరుకోసం బారులో నిలబడినవాణ్ణి నేను. దాని అంతు చూసే హక్కు నాదే."

"అంత దూరం పోగలవా, నీ బొజ్జకు విరామం ఇవ్వకుండా?"

"నా బొజ్జ ముందు పోతుంది. నేను వెనకే వస్తా."

జనం కేరింతలు కొట్టారు. సెకోవె గొట్టంలోకి ఒక పుల్ల దూర్చి రెండు చివరలూ పట్టుకున్నాడు. ఉనైసి గోలు గీతమీద నిలబడి పేపరు కొస పట్టుకుంది. ఇలైతియా అలవాటు కొద్దీ ఈల ఊదాడు.

సెకోవె ఒకప్పుడు బంతి పట్టుకుని దూసుకుపోయిన మనిషి. ఇప్పుడు మాత్రం చేతిలో గుడ్డు పెట్టుకున్నట్టు, కాలివేళ్ళమీద, నడుము ఊగించుకుంటూ పోయాడు. రోల్ గిరగిరా తిరిగింది. సముద్రం గాలికి పేపరు తెల్లటి పాములా లేచి పడింది. డెస్మండ్ మైకులో ఆటలా చెప్పుకుంటూ పోయాడు. "సెకోవె బయల్దేరాడు, అయిదు దాటాడు, పది దాటాడు, వూలా తెగడం లేదు, చూశారా ఎంత గట్టిదో, ఇరవైరెండు మీటర్ల గీత దాటాడు, ఇంకా సగం దూరమే..."

అక్కడ సెకోవె ఆగిపోయాడు. ఇరవైరెండు గీత దాటి మూడంగలు వేశాడంతే. పుల్లమీద ఒట్టి అట్టగొట్టం తిరుగుతోంది. అతను దాన్ని కంటి దగ్గర పెట్టుకుని, అందులోంచి దూరంగా ఉన్న నడిమి గీత వైపు చూశాడు, ఓడమీది కెప్టెన్ దుర్భిణిలో తీరం వెతుక్కున్నట్టు.

గట్టుమీద ఎవరో ముసలావిడ కీచుమని నవ్వింది. ఆ నవ్వు మైదానం చుట్టూ తిరిగి వచ్చేసరికి ఉరుములా అయింది. ఇలైతియా పరిగెత్తి వెళ్ళి పేపరు ఆగినచోట మడమతో గుర్తు పెట్టాడు. గీతనుంచి అంగలు వేసి లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. అతని మొహంలో ఏదో మారింది. ఉనైసి అటే చూస్తోంది.

"ఇరవై అయిదు," అని అరిచాడు. ఈల ఊది, తప్పు చేసిన జట్టుమీద ఎత్తినట్టే చెయ్యి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి డెస్మండ్ వైపు చూపించింది.

"ఒక్క రోల్‌లో ఏదో పొరపాటు జరిగి ఉంటుంది," అన్నాడు డెస్మండ్. మైకులో అతని గొంతు కాస్త సన్నబడింది.

"అలాగే బాబూ," అంది ఉనైసి. "నీ గోపురంలోంచి నీకు నచ్చింది తీసుకో. నువ్వే పరిగెత్తు."

డెస్మండ్‌కు పౌరుషం వచ్చింది. ఏరి ఏరి గోపురం అడుగునుంచి ఒకటి లాగాడు. గోపురం ఒక నిట్టూర్పు విడిచి మొత్తంగా కూలింది. మైదానం అటువైపు కాస్త పల్లం. వందలకొద్దీ రోల్స్ దొర్లుకుంటూ, దారిలో ఊడిపోతూ ఆటగాళ్ళ మధ్యకు పోయాయి. వునిసెయి జట్టు వాటిని కాళ్ళతో తన్ని ఒకరికొకరు అందించుకున్నారు. ఒక గుర్రం బెదిరి మెడకు తెల్లటి దండతో చెరకు తోటలోకి పారిపోయింది.

డెస్మండ్ అవేవీ చూడలేదు. బూట్లు విప్పాడు, టై భుజంమీదికి వేసుకున్నాడు, రోల్ పట్టుకుని పరిగెత్తాడు. జనం ఇప్పుడు అతని పక్షం. "పో డెస్మండ్, పో" అని రెండు ఊళ్ళవాళ్ళూ అరిచారు. ఇరవైరెండు గీత దాటినప్పుడు ఆ అరుపులకు పిట్టలు లేచిపోయాయి. పేపరు చివరికి వస్తుందని తెలిసి అతను ఆఖరున నేలమీదికి దూకాడు, చెయ్యి ముందుకు చాపి, గీత అవతల బంతి ఆనించేవాడిలా. ఇలైతియా వంగి చూశాడు.

"ఇరవై అయిదుమీద ఒక జానెడు," అన్నాడు. "దూకినందుకు."

డెస్మండ్ చొక్కానిండా మట్టితో లేచాడు. రొప్పుతూ మైకు అందుకున్నాడు. "ఒక్క మాట, ఒక్క మాట," అన్నాడు. "వెనకాల చిన్న అక్షరాల్లో చూడండి. రెండు పొరల పేపరు అని ఉంది. మునుపు ఒకటే పొర. పొరకు ఇరవై అయిదు చొప్పున రెండు పొరలూ కలిపితే యాభై. లెక్క సరిగ్గానే ఉంది."

జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇలైతియా లెక్కల మాస్టారు కావడం వల్ల నిజంగానే ఆలోచనలో పడ్డాడు. నేలమీద పడున్న పేపరు తీసి గోటితో పొరలు విడదీసి చూశాడు. రెండున్నాయి.

ఉనైసి మైకు తీసుకుంది. ఇప్పుడు గుండె దడ లేదు. తన వంటపాకలో నిలబడ్డట్టే ఉంది.

"బాబూ, నువ్విప్పుడు ఇక్కడినుంచి అక్కడికి పరిగెత్తావు. ఎంత దూరం?"

"ఇరవై అయిదు మీటర్లు."

"ఎన్ని కాళ్ళతో?"

డెస్మండ్ వంగి తన వట్టి కాళ్ళవైపు చూసుకున్నాడు.

"రెండు కాళ్ళతో కదా," అంది ఉనైసి. "కాలికి ఇరవై అయిదు. ఇంటికెళ్ళి మీ ఆవిడతో యాభై పరిగెత్తానని చెప్పుకుంటావా?"

ఆ తర్వాత మైదానంలో ఏం జరిగిందో వరసగా చెప్పడం కష్టం. నైద్రాలా బాజావాళ్ళు డోలు వాయించారు. సెకోవె నేలమీద పడుకుని, తాను ఈ ఇరవై అయిదూ బొజ్జకు వేరుగా, తనకు వేరుగా పరిగెత్తాడు కాబట్టి తనకూ యాభై రాయాలని గోల పెట్టాడు. ఒక ఆటగాడు తమ జట్టులో ఏడుగురికీ పద్నాలుగు చేతులున్నాయి కనుక పద్నాలుగు పతకాలివ్వాలన్నాడు. సముఝ్ కొట్టు మూసి వచ్చాడని ఉనైసి అప్పుడే చూసింది. గట్టుమీద కళ్ళజోడు చేత్తో పట్టుకుని ఊగిపోతున్నాడు.

అన్నిటికన్నా వింత, డెస్మండ్ కూడా నవ్వడం. మొదట ఆపుకుందామని చూశాడు. పెదవులు బిగించాడు, తల తిప్పుకున్నాడు. భుజాలు అదిరాయి. చివరికి గోలు స్తంభానికి ఆనుకుని, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. "ఈ మాట మా ఆఫీసులో నేనూ అడిగాను ఆంటీ," అన్నాడు ఊపిరి తిప్పుకుని. "కాళ్ళ లెక్క నాకు తట్టలేదు. తట్టి ఉంటే బాగుండేది."

ఇలైతియా మెల్లిగా దగ్గరికొచ్చి మైకు అడిగాడు. ఇంకా కొంతమంది నవ్వుతున్నారు. అతను ఆగాడు. రెఫరీ ఆగితే మైదానం ఆగుతుంది.

"సోమవారం నేను ఉనైసక్కను ఒక ప్రశ్న అడిగాను," అన్నాడు. "సగం రోల్స్ ఎక్కడికి పోయాయని. నలుగురిలో అడిగాను కాబట్టి నలుగురిలోనే చెబుతున్నా. అవి ఎక్కడికీ పోలేదు. అసలు రానేలేదు. అక్కా, నన్ను మన్నించు."

అంతసేపూ నవ్వుతూనే ఉన్న ఉనైసికి అప్పుడు కళ్ళు నిండాయి. పద్దెనిమిదేళ్ళలో ఎవరూ ఆమెకు నలుగురిలో మంచి మాట చెప్పలేదని ఆమెకు ఆ క్షణందాకా తట్టలేదు. చెడ్డ మాట రానంతకాలం చాలనుకుంది. సెకోవె అటు చూసి, తౌవు ఏడవడం చూసే హక్కు తనకు లేదన్నట్టు గబగబా తన లుంగీ చెంగు అందించాడు.

"తుడుచుకో," అన్నాడు. "పేపరిద్దామంటే చాలదేమోనని భయం."

ఆఖరి ఆట మొదలవగానే వాన పడింది. మైదానమంతా పరుచుకున్న పేపరు తడిసి ఆటగాళ్ళ కాళ్ళకు, వీపులకు, జుట్టుకు అంటుకుంది. రెండో సగానికి ఎవరిది ఏ జట్టో ఇలైతియాకు తెలియలేదు. ఒకసారి బంతి అనుకుని ఉబ్బిన రోల్‌ను పట్టుకుని ఒకడు గోలు గీత దాటాడు. జనం కూడా నమ్మి చప్పట్లు కొట్టారు. చివరికి నైద్రాలా గెలిచింది. కప్పు అందుకుంటూ సెకోవె, ఏడాదికి సరిపడా పేపరని రాశారు కాబట్టి తమకు ఆరు నెలలకు సరిపోతుందని ఉపన్యాసం ఇచ్చాడు. ఆ మూటల్లో ఒకటి తీసి ఉనైసి కాళ్ళ దగ్గర పెట్టాడు, ఈసారి మోకాళ్ళమీద కూర్చోకుండా, మామూలుగా.

డెస్మండ్ ఆ సాయంత్రం సువా బస్సు ఎక్కలేదు. ఉనైసి అతన్ని పాకలో కూర్చోబెట్టి, చేమదుంప ఆకుల్లో కాల్చిన చేప పెట్టింది. తింటూ ఉండగానే ఇలైతియా కాగితం తెచ్చాడు. ఎక్కడ, ఎప్పుడు, ఎంత పొడవు, ఎవరెవరు చూశారు అన్నీ మాస్టారి చేతిరాతలో. కింద రెండు ఊళ్ళవాళ్ళూ సంతకాలు పెట్టారు. సముఝ్ కొట్టు ముద్ర వేశాడు. డెస్మండ్ కలం అందుకున్నాడు.

"నా ఉద్యోగం పోతే?" అన్నాడు.

"మా మైదానంలో నువ్వు దూకిన దూకుడు చూశాక," అన్నాడు సెకోవె, "మా జట్టులో చోటిస్తాం. కాలికొక జీతం."

డెస్మండ్ సంతకం పెట్టాడు. ఉద్యోగం పోలేదు. ఆ కాగితం నకలు తూనికల ఆఫీసుకు వెళ్ళింది, ఇంకొకటి పేపర్లో పడింది, సెకోవె గొట్టంలోంచి చూస్తున్న ఫోటోతో సహా. మూడు నెలలకు కొత్త మూటలొచ్చాయి. చందమామ కింద బొటనవేలంత అక్షరాల్లో 'ఇరవై అయిదు మీటర్లు, రెండు పొరలు' అని ఉంది. ధర కాస్తే తగ్గింది. పసుపు పచ్చ అక్షరాలు మాయమయ్యాయి. ఉనైసి సముఝ్ కొట్టులో ఆ మూట చేత్తో పట్టుకుని రెండుసార్లు చదివింది. సముఝ్ ఆమెకు టీ పోసి, ఒక స్టూలు జరిపాడు.

"బాగుంది దీదీ. ఇప్పుడు పదహారు మూటలు కొనాలని కనీసం తెలుస్తుంది."

"తెలిస్తే చాలు భయ్యా. తెలిసి కొనడం వేరు."

టీ సగం తాగాక సముఝ్ బల్ల కిందనుంచి ఒక బట్టల సబ్బు తీసి ఆమె ముందు పెట్టాడు. పొడవు మునుపటిలాగే ఉంది. వెడల్పూ అంతే. ఉనైసి దాన్ని తిప్పి చూసింది. అడుగున మధ్యలో లోతుగా గుంట. బొటనవేలు పెట్టి చూసింది. వేలు మొదటి కణుపు దాకా దిగింది.

"చేత్తో పట్టుకోవడానికి వీలుగా ఉంటుందని రాశారు," అన్నాడు సముఝ్.

ఉనైసి టీ గ్లాసు పక్కన పెట్టి, చేతులు తుడుచుకుంటూ బల్ల దగ్గరికి జరిగింది.

"తక్కెడ తీసుకురా భయ్యా," అంది.